చావిళ్ళు విప్పే మస్తాన్ గారితో ఒక రోజు

గొడ్ల చావిడి చూడటానికి పనిగట్టుకుని బస్సెక్కే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని మావారు రెండు రోజులు నవ్వారు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకుని నేను పట్టించుకోలేదు. పుట్టిందీ పెరిగిందీ విజయవాడ అద్దె వాటాల్లో. మా ఇంట్లో ఏనాడూ గొడ్డూ గోదా లేవు. కాబట్టి ఇది చిన్ననాటి బెంగ కాదు. మంచి కట్టడాన్ని చూస్తే కలిగే ఇష్టం, అంతే. మనుషుల ఇళ్ళకి పది హంగులు కావాలి, పదిమందికి చూపించుకోవాలి. చావిడికి ఆ బాధ లేదు. ఎండా వానా లోపలికి రాకూడదు, గాలి రావాలి. ఆ పని మీదే మనసు పెట్టి ఎవరో కట్టారని లోపలికి వెళ్ళి నిలబడగానే తెలుస్తుంది.

ఈ ప్రయాణానికి అసలు కారణం ఒక గుంజ. ఈమధ్య హైదరాబాదు నుంచి వస్తూ హైవే మీద ఒక హోటల్లో భోజనానికి ఆగాం. పల్లెటూరి ముస్తాబు చేసిన హోటలు. లోపల నాలుగు పాత టేకు గుంజలు వార్నిష్ వేసి నిలబెట్టారు. నడుము ఎత్తున మాత్రం కర్ర నున్నగా అరిగి కాస్త లోపలికి పోయింది. ఏళ్ళ తరబడి గొడ్లు మెడ రుద్దుకున్న చోటది. ఇవి ఎక్కడివని అడిగితే మేనేజరు జగ్గయ్యపేటలో పాత కలప వ్యాపారం చేసే మస్తాన్ గారి నంబరు ఇచ్చాడు. మర్నాడే ఫోన్ చేశాను.

"పాత గొడ్ల చావిళ్ళు చూడాలండి."

"అమ్ముతారా, కొంటారా?"

"రెండూ కాదండి. ఊరికే చూస్తాను."

"చూట్టానికైతే గురువారం పొద్దున్నే చిల్లకల్లు సెంటర్లో దిగండి మేడం. నేనెటూ తిరుగుతానే ఉంటా," అన్నారు.

ఎక్కడెక్కడ పాత చావిళ్ళు మిగిలాయో తెలిసిన మనిషి వాటిని విప్పి అమ్ముకునే మనిషే కావడం నాకు మొదట కాస్త ఇబ్బందిగానే అనిపించింది. కానీ వేరే దారి లేదు. ఊళ్ళమ్మట ఒక్కదాన్నే తిరిగి, కనపడిన దొడ్డిలోకల్లా తొంగి చూస్తే తన్నులు తప్పవు.

గురువారం ఉదయం ఆరున్నరకి విజయవాడ బస్టాండులో జగ్గయ్యపేట బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. సీట్లన్నీ మా ఆడవాళ్ళవే. మగవాళ్ళు కడ్డీలు పట్టుకుని నిలబడి మా వైపు అదోలా చూస్తున్నారు. నా పక్కన ఒకావిడ కనకాంబరాల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇబ్రహీంపట్నం దాటేలోగా నా ఊరూ పేరూ అడిగేసింది, ఎక్కడికని కూడా అడిగింది. చెప్పాను.

"గేదెని కొంటానికా?"

"కాదండీ, చావిడి చూడటానికి."

"వట్టి సావిడి చూసి ఏం చేస్తావమ్మా? పాలిస్తదా?" అని, జవాబు కోసం చూడకుండా కళ్ళు మూసుకుంది.

కీసర దగ్గర మున్నేరులో నీళ్ళు పల్చబడి ఇసుక తేలింది. నందిగామలో బస్సు పది నిమిషాలు ఆగింది. బస్టాండు బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, ఇడ్లీ సంగతి చెప్పను. అక్కణ్ణుంచి రోడ్డుకి రెండు పక్కలా పత్తిచేలు. కార్తీకం వెళ్ళిన వారం కాబట్టి రెండో తీత నడుస్తోంది. ఎనిమిదిన్నరకి చిల్లకల్లులో దిగాను. మీరెవరైనా వెళ్తే ఎక్కేముందే కండక్టరుని అడగండి, హైవే బస్సులన్నీ అక్కడ ఆగవు.

మస్తాన్ గారు టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, తెల్ల చొక్కా, గోరింటాకు పెట్టిన గడ్డం. తన ట్రాలీ ఆటో ముందు సీటు నా కోసం తుడిపించారు. వెనక ఇద్దరు పనివాళ్ళు, తాళ్ళు, గునపాలు, నిచ్చెన. పోతూ పోతూ ఎక్కడైనా పని ఉందేమో అనుకున్నాను గానీ అడగలేదు. అడగాల్సింది.

మొదటి చావిడి ఊరి వెనకే, చేల మధ్య ఉంది. గోడలు నాపరాళ్ళు, ఒక దాని మీద ఒకటి పేర్చినవి. సున్నం తక్కువ, ఓపిక ఎక్కువ. లోపల గొడ్లు లేవు. రెండు మోటారుసైకిళ్ళు, డ్రిప్పు పైపుల చుట్టలు, గొడ్లకి మేత వేసే గాడిలో అంచు దాకా పత్తి. చీకట్లో ఆ తెల్లటి గుట్ట చూడటానికి బాగుంది. యజమాని లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు.

"ఎద్దులెప్పుడో అమ్మేశామండీ. దున్నేది ట్రాక్టరాయె. సావిడి మాత్రం తియ్యను. ఈ పత్తి ఎక్కడ పోసుకోవాలి?" అని, చివరి మాట మస్తాన్ గారి వైపు చూసి గట్టిగా అన్నాడు.

రెండోది తెలంగాణ హద్దుకి దగ్గరగా ఉంది. దీని కప్పు ఒక పక్క కుంగింది. లోపల ఒక ముసలాయన మంచం వేసుకుని పడుకున్నాడు. మమ్మల్ని చూసి లేచి కూర్చుని, "సినిమావోళ్ళా? మొన్నొకలు వచ్చి ఫోటోలు దిగి పోయిండ్రు," అన్నాడు. ఎండాకాలం ఇంట్లో ఫ్యాను కింద కంటే ఇక్కడే నిద్ర పడుతుందట. అందులో అనుమానం లేదు. బయట ఎండ చురుక్కుమంటుంటే లోపల నా చేతులు చల్లబడ్డాయి. మస్తాన్ గారు మాత్రం ఒక్కో గుంజనూ వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వింటున్నారు. "వేప. లోపల బోలుపడింది. దండగ," అన్నారు.

ట్రాలీలో తిరిగి వస్తూ అడిగాను. "విప్పేటప్పుడు మీకేమీ అనిపించదా?"

"విప్పకపోతే చెదలు తింటాయి మేడం. నేను తీసుకెళ్తే ఇంకో ముప్పయ్యేళ్ళు ఎక్కడో చోట నిలబడి ఉంటాయి. ఆ హోటల్లో గుంజల్ని చూసే గదా మీరొచ్చింది?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పన్నెండు గంటలకి నందిగామ చేరి ఒక మెస్సులో భోజనం చేశాం. గోంగూర పచ్చడి మళ్ళీ మళ్ళీ వడ్డించారు, చారు కూడా బాగుంది. చేతులు కడుక్కుంటుండగా మస్తాన్ గారికి ఫోన్ వచ్చింది. "సాయంత్రానికి పెంకు దించుతామండీ, రేపటికి గుంజలు లోడెత్తుతా," అంటున్నారు. అప్పుడు అర్థమైంది. నేను చూడబోయే మూడో చావిడిని ఆయన విప్పబోతున్నారు.

"ముందే చెబితే మీరు రారని చెప్పలేదు," అన్నారు ఆయన, నా మొహం చూసి. "అన్నిట్లోకీ మంచిది అదే మేడం. ఆఖరిసారి మీలాంటోళ్ళు ఒకరు చూడాలిగా."

నాకు కోపం వచ్చింది. కానీ ట్రాలీ ఎక్కాను.

వీరులపాడు దాటాక రోడ్డు చిన్నదైపోయింది. అక్కడ ఒక ఊరు. పేరు రాయొద్దని ఆ ఇంటావిడ అడిగింది, ఫోటోల కోసం జనం వస్తే గేదె బెదురుతుందని. చావిడి గురించి మాత్రం రాస్తాను. చూరు ఎంత కిందికి ఉందంటే నాలాంటి పొట్టిది కూడా వంగి వెళ్ళాలి. లోపల నిలబడితే కప్పు ఎక్కడో ఎత్తున చీకట్లో ఉంది. రెండు వరసల టేకు గుంజలు, వాటి మధ్య పొడవునా రాతిపలకలతో కట్టిన గాడి. గాడి అంచు మెడలు రాసుకుని నున్నగా మెరుస్తోంది. పైన అటక నిండా వరిగడ్డి. గడ్డి అక్కణ్ణుంచి తోస్తే సరాసరి గాడిలో పడేలా అటకకి పొడుగ్గా ఒక సందు వదిలారు. ఎవరూ గడ్డి మోయక్కర్లేదు. ఆ సందుని చూసి నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ కట్టినాయన బతికుంటే నమస్కారం పెట్టేదాన్ని.

అంత చావిడిలో ఒకే ఒక్క గేదె ఉంది. పేరు గౌరి. దాని పక్కన అనసూయ గారు నిలబడి ఉన్నారు. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త పోయాక ఆ ఒక్క గేదె పాలు కేంద్రానికి పోసి ఇల్లు నడుపుకుంటున్నారు. చావిడి ఆవిడకీ మరిది కోటేశ్వరరావుకీ ఉమ్మడిది. కలప అమ్మేసి స్థలం పంచుకోవాలని ఇద్దరూ ఎప్పుడో మాట్లాడుకున్నారు. కోటేశ్వరరావు తన వాటాలో ఇల్లు మొదలుపెట్టాలి. ముగ్గు కూడా పోయించాడు.

మస్తాన్ గారు చూరు కింద చెప్పులు విడిచి లోపలికి ఒక అడుగు వేశారు. గేదెని చూసి ఆగిపోయారు.

"చెల్లెమ్మా, ఇదింకా ఈనలేదా?"

"లేదన్నా."

"పున్నానికల్లా ఈనుద్దన్నావు గదా!"

"లెక్క తప్పిందన్నా. మొదట ఎదకొచ్చి సూది వేయించినప్పుడే కట్టిందనుకుని అక్కణ్ణుంచి నెలలు లెక్కేసుకున్నా. మధ్యలో అనుమానమొచ్చి రెండోసారి కూడా వేయించాం. అదిగో, ఆ రెండోసారి కట్టిందంట."

"అయితే ఏంటి వదినా?" అన్నాడు కోటేశ్వరరావు. "బయట వేపచెట్టు కింద కట్టేద్దాం. సాయంత్రానికి వీళ్ళు పెంకు దించుకుంటారు."

"చూడి గేదె ఉండగా సావిడి విప్పుతారంట్రా ఎవరన్నా?"

ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఇల్లు పడగొట్టరని నాకు తెలుసు. ఆ పట్టింపు గొడ్లకి కూడా ఉందని తెలియదు. కోటేశ్వరరావుకి తెలుసు కాబట్టి గట్టిగా ఎదురు చెప్పలేకపోయాడు. "ఇవన్నీ ఇప్పుడెవరు చూస్తున్నారు," అని గొణిగాడు.

"నేను చూస్తా. పోయిన ఈతప్పుడు ఇక్కడ కురుస్తందని నీ రేకుల షెడ్డులో కట్టమన్నావు. కట్టా. ఏమైందో నీకు తెలీదా?"

అతను తల దించుకున్నాడు. ఏమైందో మస్తాన్ గారు నాకు మెల్లగా చెప్పారు. కొత్త చోట గౌరి రాత్రంతా బెదిరి తిరిగిందట. దూడ చచ్చి పుట్టింది. దూడ లేకపోతే గేదె పాలు చేపదు, పొదుగులోకి దించదు. మళ్ళీ కట్టి ఈనేదాకా అనసూయ గారింట్లోకి పైసా రాబడి లేదు. ఈసారి కూడా దూడ పోతే గౌరిని సంతకి తోలడం తప్ప ఆవిడకి దారి లేదు.

మస్తాన్ గారి ఫోన్ మోగింది. కొన్నవాళ్ళు కాబోలు. "లేదండీ, ఇవాళ కాదు. గేదె చూడితో ఉంది... గేదెండీ, గేదె! బర్రె!... దానికీ దీనికీ సంబంధం మీకు ఫోన్లో చెబితే తెలవదు," అని పెట్టేశారు. తర్వాత గోడవారగా కూర్చుంటూ నాతో అన్నారు, "మా కోడలు నీళ్ళోసుకున్నప్పుడు మా ఆవిడ వంటింట్లో మేకు కూడా కొట్టనివ్వలా మేడం. తొమ్మిది నెలలూ గడియారం నేల మీదే పెట్టుకుని చూసుకున్నాం. నేనిప్పుడు ఏ మొహం పెట్టుకుని పెంకు దించమంటా?" పనివాళ్ళని గునపాలు ట్రాలీలో పడేయమన్నారు.

నేను ఆ మాటకి లోలోపల పొంగిపోయాను. చావిడి మిగిలింది. ఇక ఫోటోలు తీసుకుని తిరుగు బస్సు చూసుకుందామనుకున్నాను.

అప్పుడు మస్తాన్ గారు గౌరి వెనక్కి వెళ్ళి చూసి, "చెల్లెమ్మా, తోక మొదట్లో గుంటలు పడ్డాయే. ఇవాళే ఈనేట్టుంది," అన్నారు.

"పొద్దుట్నుంచీ మేత ముట్టలేదన్నా. అందుకే గదా కదల్చొద్దంటున్నా," అంది ఆవిడ.

ఇక ఎవరూ కదల్లేదు. వెళ్తానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పనివాళ్ళు చూరు కింద కూర్చుని బీడీలు ముట్టించబోతే అనసూయ గారు కసిరారు. మూడు దాటాక గౌరి పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. నీటి బుడగ కనపడింది, పగిలింది. ఆ తర్వాత ఒక గిట్ట వచ్చింది. ఒకటే.

రెండు ముందు కాళ్ళూ కలిసి రావాలట. ఒకటే వచ్చిందంటే రెండోది లోపల మడతపడినట్టు. పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే నందిగామ అవతల ఎక్కడో ఉన్నానన్నాడు. గంట పడుతుందన్నాడు. అంతసేపు ఆగేట్టు లేదు. గౌరి మూలుగుతోంది. కోటేశ్వరరావు ఎప్పుడు వెళ్ళాడో, బకెట్టుతో వేణ్ణీళ్ళు తెచ్చాడు. అనసూయ గారు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, నూనె రాసుకుని, గౌరి వెనక మోకాళ్ళ మీద కూర్చున్నారు. చావిడి లోపల చీకటి. ఆవిడ చూడకుండానే టార్చి నా చేతిలో పెట్టి, "ఇట్టా పట్టుకో అమ్మా, అటూ ఇటూ తిప్పమాక," అన్నారు.

పట్టుకున్నాను. ఆవిడ దూడని కాస్త లోపలికి నెట్టి, మడతపడ్డ కాలు కోసం వెతుకుతున్నారు. కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. పనివాడొకడు గౌరి తల పట్టుకుని కూర్చున్నాడు. మస్తాన్ గారు తన లోడు కట్టే తాళ్ళలో మెత్తటిది ఏరి తెచ్చి అందించారు. ఎంతసేపో తెలియదు. "దొరికింది," అన్నారు అనసూయ గారు. రెండో గిట్ట బయటికి వచ్చింది. గౌరి ముక్కినప్పుడల్లా ఆవిడా, మస్తాన్ గారూ కలిసి లాగారు. ముక్కినప్పుడు లాగడం, ఆపినప్పుడు ఆపడం. మూతి వచ్చింది, తల వచ్చింది, తర్వాత మొత్తం దూడ ఒక్కసారిగా గడ్డి మీదికి జారింది.

కదల్లేదు.

అనసూయ గారు వేళ్ళతో దాని నోరూ ముక్కూ తుడిచారు. ఒక గడ్డిపరక ముక్కులోకి తోశారు. మళ్ళీ తోశారు. "లేవే తల్లీ, లేవే," అంటున్నారు. తిప్పొద్దన్నది గుర్తొచ్చి టార్చిని రెండు చేతులతో పట్టుకున్నాను. ఉన్నట్టుండి దూడ తుమ్మింది. తల విదిల్చింది. కోటేశ్వరరావు వంగి చూసి, "పెయ్య! వదినా, పెయ్యదూడ!" అని అరిచాడు. అనసూయ గారు నేల మీద చతికిలబడి బావురుమని ఏడ్చారు. మస్తాన్ గారు పైకి చూసి అల్లాకి దండం పెట్టుకున్నారు. నేను కూడా ఏడ్చాను. ఎందుకు దాచాలి?

గౌరి లేచి దూడని నాకడం మొదలుపెట్టింది. దూడ గిట్టల కొనల మెత్తలు గిల్లేశారు. అది నాలుగుసార్లు పడి, అయిదోసారి లేచి, పొదుగు వెతుక్కుంది. గౌరి చేపింది. పాలు దూడ మూతి మీదుగా కారి గడ్డి మీద పడుతుంటే అనసూయ గారు ఆ నేలనే చూస్తూ ఉండిపోయారు. కోటేశ్వరరావు వెదురాకులు కోసుకొచ్చి గౌరి ముందు వేశాడు, మాయ త్వరగా పడుతుందని.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అనసూయ గారు అన్నారు, "పురుటి పదకొండు రోజులూ పోయాక వచ్చి విప్పుకో అన్నా."

నేను తెల్లబోయాను. "చావిడి ఉంచుకుంటారనుకున్నానండీ!"

"ఉంచుకుని ఏం చేసుకోనమ్మా? వానొస్తే సగం కారుద్ది. పెంకు సర్దేవాళ్ళే దొరకరు. పాములు కూడాను. రేకులేయించుకుంటే నాకూ హాయి."

"మరి రేకుల షెడ్డులో పోయినసారి..."

"అప్పుడు నిండు చూడిది, కొత్త చోటు, బెదిరింది. ఇప్పుడు దూడుందిగా. దూడ ఎక్కడుంటే దానికదే సావిడి."

మస్తాన్ గారు ఆరు దాటాక నన్ను నందిగామ బస్టాండులో దింపారు. చొక్కా నిండా మరకలు. "పదకొండు రోజులు పోయాక రండి మేడం, విప్పడం కూడా చూడొచ్చు. ఒక్క పెంకు పగలకుండా దించుతాం," అన్నారు. రానండీ అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. విజయవాడ బస్సు వెంటనే దొరికింది, సీటు కూడా దొరికింది.

చావిళ్ళు చూడాలనుకునేవాళ్ళకి చెప్పేది ఇంతే. చలికాలం వెళ్ళండి, గురువారమే అక్కర్లేదు. మొదటి రెండూ మరి కొన్నేళ్ళు ఉంటాయి. పత్తి పోసుకోవడానికి ఒకటి, పడుకోవడానికి ఒకటి పనికొస్తున్నాయి. నందిగామలో భోజనం బాగుంటుంది. మూడోది మీరు వెళ్ళేసరికి ఉండదు.

కంచికచర్ల దాటాక బస్సులో లైట్లు ఆపేశారు. అప్పుడు లెక్క చూసుకున్నాను. గౌరి ఈననంత కాలం ఆ చావిడి మీద ఎవరూ చెయ్యి వేసేవాళ్ళు కాదు. ఆ సంగతి తెలిసి కూడా టార్చి పట్టుకున్నంతసేపూ నేను ఒకటే కోరుకున్నాను, త్వరగా ఈనాలని, దూడ బతకాలని. అక్కడున్న అందరూ అదే కోరుకున్నారు. వాళ్ళందరికీ అక్కడ వేరే పనులున్నాయి. చావిడి కోసం వచ్చింది నేనొక్కదాన్నే. దాని తరఫున ఇంకొన్నాళ్ళు గడువు అడగాల్సినదాన్ని నేనే. నాకు గుర్తే రాలేదు.